ఎవరూ చూడని చోట

సంక్రాంతి సెలవులలో దొరవారిసత్రంలోని మా అక్కయ్య ఇంటికి వెళ్లాను. కుశల ప్రశ్నలు ముగియగానే ఆమె నా ముందు ఒక సమస్య ఉంచింది. పదహారేళ్ల మేనల్లుడు గంటల తరబడి ఒక వీడియో గేమ్‌లో మునిగి ఉంటున్నాడు. మందలిస్తే, "అమ్మీ, ఇది మన చరిత్రే. ఇందులో బాగ్దాద్ ఉంది, అజాన్ ఉంది, సలాములున్నాయి" అని సమాధానం చెబుతున్నాడట. "తమ్ముడూ, వద్దనడానికి నోరు రావడం లేదు, సరేననడానికి మనసొప్పడం లేదు. పత్రికలో నలుగురికీ చెబుతుంటావు కదా, ఒకసారి నువ్వే కూర్చుని చూడు" అంది అక్కయ్య.

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. తండ్రి గల్ఫ్‌లో, తల్లి వంటింట్లో, బిడ్డ తెర ముందు ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ ప్లేస్టేషన్‌ను కూడా మా బావగారు కువైట్ నుండి మురిపెంగా పంపారు. చూడని దానిపై తీర్పు చెప్పడం న్యాయం కాదు గనుక నాలుగు సాయంత్రాలు మేనల్లుడి పక్కన కూర్చుని చూశాను. చూసిన దానిలోని మంచినీ చెడునూ పాఠకుల ముందు ఉంచడమే ఈ నెల నా ప్రయత్నం.

ఆట పేరు 'అసాసిన్స్ క్రీడ్ మిరాజ్'. ఫ్రాన్స్‌కు చెందిన యూబీసాఫ్ట్ సంస్థ దీనిని 2023 అక్టోబరు 5న విడుదల చేసింది. 2007లో మొదలైన ఒక సుదీర్ఘ వరుసలో ఇది ఒక భాగం. 2020లో వచ్చిన 'వల్హల్లా' అనే ఆటలో బాసిం ఇబ్న్ ఇస్హాఖ్ అనే పాత్ర ఉంది. ఆ బాసిం యౌవనమే ఈ ఆట కథ. అంటే విడుదలలో తరువాతిది, కథాకాలంలో ముందుది. నగరమంతా ఆటగాడు తనకు తోచిన దారిన తిరగవచ్చు, మిద్దెలెక్కవచ్చు, సందుల్లో దూరవచ్చు. అయితే కాపలావారి కంట పడకుండా పొంచి పొంచి సాగాలి. ఇటువంటి ఆటలను పిల్లలు 'ఓపెన్ వరల్డ్ స్టెల్త్ గేమ్' అంటారు.

ముందుగా మెచ్చుకోవలసినవి చెబుతాను.

మొదటిది ఆ నగరం. క్రీ.శ. 762లో అబ్బాసీ ఖలీఫా అబూ జాఫర్ అల్ మన్సూర్ టైగ్రిస్ నది ఒడ్డున వృత్తాకారంలో ఒక రాజధానిని కట్టించి, దానికి మదీనతుస్సలామ్, అంటే శాంతినగరం అని పేరు పెట్టాడు. దాని నాలుగు ద్వారాలు కూఫా, బస్రా, ఖురాసాన్, షామ్ దిక్కులకు తెరుచుకునేవి. ఆ గుండ్రని నగరపు ఆనవాళ్లు నేడు నేల మీద మిగలలేదు. గ్రంథాలలో చదివి ఊహించుకోవలసిందే. ఆ ఊహకు ఈ ఆట రూపమిచ్చింది. నడుమ ఆకుపచ్చ గుమ్మటంతో ఖలీఫా భవనం, బయట సందడిగా కర్ఖ్ బజారు, కాలువల మీద వంతెనలు, ఖర్జూర తోటలు, తెరచాప పడవలు, అద్దకపు తొట్టెలు, కాగితం, సుగంధ ద్రవ్యాలు అమ్మే అంగళ్లు. పాశ్చాత్య చిత్రాలలో అరబ్బు నగరమంటే ఎడారి, ఒంటె, కత్తి మాత్రమే. ఇక్కడ పండితులున్నారు, వ్యాపారులున్నారు, తోటలు పెంచే వారున్నారు, తీరిగ్గా మాట్లాడుకునే ముసలివారున్నారు. మన పిల్లవాడు ముస్లింను ప్రతినాయకుడిగా కాక మనిషిగా చూసే ఆటలు ఎన్ని ఉన్నాయి?

రెండవది విజ్ఞానం. ఆటలో బైతుల్ హిక్మ ఉంది. గ్రీకు, పారశీక, భారతీయ విజ్ఞానం అరబీలోకి ప్రవహించిన కాలానికి అది చిహ్నం. 'అల్గారిథం' అన్న మాటకు మూలమైన అల్ ఖ్వారిజ్మీ, గ్రీకు వైద్య గ్రంథాలను అనువదించిన హునైన్ ఇబ్న్ ఇస్హాఖ్, నూరు వరకు చిత్రమైన యంత్రాలను వర్ణిస్తూ 'కితాబుల్ హియల్' రచించిన బనూ మూసా సోదరులు ఆ శతాబ్దపు వారే. నగరంలో కొన్ని చోట్లకు చేరితే ఆ స్థల చరిత్ర, మ్యూజియంలలోని పురావస్తువుల చిత్రాలతో సహా, చదువుకోవచ్చు. దీనికోసం చరిత్రకారుల సహాయం తీసుకున్నారు. వారిలో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో ఇస్లామీయ కళాచరిత్ర బోధించే గ్లైర్ ఆండర్సన్ ఒకరు. కావాలనుకుంటే ఆటనంతా అరబీ సంభాషణలతోనే ఆడవచ్చు.

మూడవది పరిమితి. దీనికి ముందరి 'వల్హల్లా'ను పూర్తి చేయడానికి అరవై గంటలు కూడా చాలవని ఆడినవారు అంటారు. ఇందులో ప్రధాన కథ ఇరవై గంటల అటూ ఇటుగా ముగుస్తుంది. పిల్లల కాలాన్ని మింగడమే లక్ష్యంగా పెట్టుకున్న ఆటల నడుమ ఇది చిన్న మేలేమీ కాదు.

ఇక లోపాలు. ఆటగా చూసినా కొన్ని ఉన్నాయని మేనల్లుడే ఒప్పుకున్నాడు. కాపలావారు బొత్తిగా తెలివిలేనివారు. పొదలో దాక్కుని ఈల వేస్తే ఒకడు వచ్చి చస్తాడు. మళ్లీ ఈల వేస్తే రెండవవాడు వస్తాడు. ముందు వెళ్లినవాడు ఏమయ్యాడని అడిగేవాడే ఉండడు. బాసిం మనసులోని వేదన పైపైన తేలిపోతుంది. ముగింపులోని మలుపు 'వల్హల్లా' ఆడనివారికి అర్థం కాదు.

చరిత్ర విషయంలో జాగ్రత్త పడవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఆటలో ఖలీఫా అల్ ముతవక్కిల్ మరణం అన్బార్‌లోని శీతాకాల భవనంలో, దొంగతనానికి వెళ్లిన బాసిం ఎదుట జరుగుతుంది. చరిత్రలో ఆయన 861 డిసెంబరులో, అప్పటి రాజధాని సామర్రాలో, తన తుర్కీ అంగరక్షకుల చేతిలో హతుడయ్యాడు. అలమూత్ కోటను ఆటలో రహస్య హంతక సంఘానికి స్థావరంగా చూపించారు. ఆ కోటను హసన్ సబ్బాహ్ వశపరచుకున్నది 1090లో, అంటే ఈ కథకు రెండు శతాబ్దాలకు పైగా తరువాత. ఖిలాఫతు కల్లోలాల వెనుక ఒక గుప్త కూటమి ఉందన్నది పూర్తిగా కల్పన. గోడలు, గుమ్మటాలు నిజమైనంత మాత్రాన వాటి మధ్య నడిచే కథ నిజం కాదు. "ఇది మన చరిత్రే" అన్న మేనల్లుడి మాటలో సగమే సత్యం.

వీటన్నిటినీ మించి నన్ను కలవరపెట్టిన లోపం వేరొకటి ఉంది. అది తేటపడడానికి మూడు సాయంత్రాలు పట్టింది.

ఈ ఆటలో నిరపరాధిని చంపకూడదన్న నియమం ఉంది. చంపితే ఆట హెచ్చరిస్తుంది. బాగుంది. కాని బజారులో నడిచే అదే నిరపరాధి జేబు కొట్టడానికి అభ్యంతరం లేదు. పైగా దానికి ప్రత్యేకమైన మెళకువ, సరైన క్షణంలో మీట నొక్కితే బహుమానం. పరుల ఇంట్లోకి కిటికీ గుండా దూరి పెట్టెలు తెరవవచ్చు. గోడ చాటున నిలబడి వారి మాటలు వినవచ్చు. వీటిని ఎవరైనా చూస్తేనే చిక్కు. అప్పుడు అపఖ్యాతి కొలమానం ఒక మెట్టు పైకి వెళుతుంది, జనం గుర్తుపట్టి కేకలు వేస్తారు. దానిని తగ్గించే మార్గాలూ ఆటే చూపిస్తుంది. గోడ మీద అతికించిన తన బొమ్మను చించివేయాలి. లేదా చాటింపు వేసే మునాదీకి లంచమివ్వాలి. ఆ లంచంగా చెల్లే బిళ్లలకు ఆట పెట్టిన పేరు ఏమిటో తెలుసా? ఖిద్మ. మనం సేవ అనే అర్థంలో పలికే ఖిద్మత్ అన్న పవిత్రమైన మాటే అది!

ఆలోచించండి. అక్కడ తప్పుకు కొలత తప్పు కాదు, సాక్షి. ఎవరూ చూడకపోతే ఏమీ జరగనట్టే. చూసినా, చూసినవాడి నోరు మూయిస్తే సరి. తౌబాకు బదులు కాగితం చించడం, సొమ్ము తిరిగి ఇచ్చి క్షమాపణ కోరడానికి బదులు మునాదీ చేతిలో బిళ్ల పెట్టడం.

దివ్య ఖుర్ఆన్ సూరహ్ నూర్‌లో పరుల ఇంట అనుమతి లేనిదే, సలాము చెప్పనిదే ప్రవేశించవద్దని ఆదేశించింది. సూరహ్ హుజురాత్‌లో ఇతరుల రహస్యాలను కూపీ లాగడాన్ని నిషేధించింది. దైవప్రవక్త (స) జిబ్రీల్ (అ)కు ఇహ్సాన్ అంటే ఏమిటో వివరించినప్పుడు, దాసుడు అల్లాహ్‌ను చూడలేకపోయినా అల్లాహ్ తనను చూస్తున్నాడన్న స్పృహతో ఆరాధించాలని బోధించారు. విశ్వాసి శీలమంతా ఆ ఒక్క స్పృహ మీద నిలిచి ఉంది. ఈ ఆట బోధించే నైపుణ్యమంతా దానికి సరిగ్గా ఎదురు దిక్కున నిలిచి ఉంది.

ఇది చెప్పినప్పుడు మేనల్లుడు నొచ్చుకున్నాడు. "మామూ, ఇది ఆట. ఇందులో జేబు కొట్టినంత మాత్రాన నేను సూళ్లూరుపేట బజారులో జేబులు కొడతానా?" అన్నాడు. కొట్టడు. ఆ మాట నేను నిజాయితీగా ఒప్పుకున్నాను. ఆట ఆడిన ప్రతి పిల్లవాడూ దొంగ అవుతాడని చెప్పడం అతిశయోక్తి, అతిశయోక్తి చెప్పే పెద్దల మాట పిల్లలు వినరు. తరువాత వాడు అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. "బైతుల్ హిక్మ గురించి ఈ ఆటకు ముందు నాకెవరు చెప్పారు మామూ? మీరు చెప్పారా?"

చెప్పలేదు. ఉత్తరాలలో మార్కులు అడిగాను, ఫోనులో నమాజు సంగతి అడిగాను. మన పూర్వులు ఏం చదివారో, ఏం కట్టారో ఒక్కనాడూ కూర్చోబెట్టి చెప్పలేదు. మనం ఖాళీగా వదిలిన చోటును ఎవరో ఒకరు నింపుతారు. అలా నింపేవారు తమ సరుకును కూడా కలిపే ఇస్తారు. ఆ సంస్థ ఈజిప్టు, గ్రీసు, వైకింగు కథల ఆటలకు 'డిస్కవరీ టూర్' పేరుతో కత్తులు లేని విడి పర్యటనలు సిద్ధం చేసింది. పిల్లలు నెత్తురు చూడకుండా ఆ నగరాలలో తిరగవచ్చు. బాగ్దాద్‌కు అటువంటి విడి పర్యటన ఇవ్వలేదు. శాంతినగరాన్ని చూడాలంటే హంతకుడి వెంటే తిరగాలి.

నాలుగవ సాయంత్రం జరిగిన ఒక చిన్న సంఘటనను చెప్పక తప్పదు. మేనల్లుడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడుతున్నాడు. తెర మీద సంధ్యాకాలం. బాసిం ఒక మిద్దె అంచున నక్కి కూర్చున్నాడు. వాడు ఉత్సాహంగా ఒక హెడ్‌ఫోనును నా చెవికి ఆనించి, "విను మామూ, అజాన్!" అన్నాడు. విన్నాను. మధురంగానే ఉంది. అదే సమయంలో నా రెండవ చెవికి కిటికీ గుండా మన ఊరి మస్జిదు నుండి మగ్రిబ్ అజాన్ వినిపిస్తోంది. వాడికి వినిపించడం లేదు. పన్నెండు శతాబ్దాల క్రితపు బాగ్దాద్ అజాన్ వినిపించింది, వీధి చివరి అజాన్ వినిపించలేదు.

నేనేమీ అనలేదు. వాడి రెండవ చెవి మీది హెడ్‌ఫోనును మెల్లగా పక్కకు జరిపాను. ముఅజ్జిన్ చివరి పలుకులలో ఉన్నారు. వాడి ముఖం పాలిపోయింది. ఆట ఆపి వజూకు లేచాడు.

నమాజు నుండి తిరిగి వచ్చేటప్పుడు వాడే నోరు విప్పాడు. "మామూ, ఆ ఆట డబ్బా మీద 18 అని ఉంటుంది. అమ్మీ చూడకూడదని బట్టల అలమరలో పెట్టాను" అన్నాడు. ఆ అంకెకు అర్థం పద్దెనిమిదేళ్లు నిండినవారికే ఈ ఆట అని. హింస కారణంగా నిర్ణయించిన వయోపరిమితి అది. తల్లి ఇంగ్లీషు చదవలేదు గనుక చరిత్ర పాఠమన్న మాటను నమ్మింది. బాగ్దాద్ వీధుల్లో వాడు దాక్కోవడం ఆటే కావచ్చు. అలమరలో డబ్బా దాక్కోవడం మాత్రం ఆట కాదు. అది వాడికీ తెలుసు. అందుకే మూడు రోజులుగా ఆ భారం మోశాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక వాడికి, వాడి చెల్లెలికి నేనొక కథ చెప్పాను. పాఠకులకు తెలిసినదే. హజ్రత్ ఉమర్ (రజి) రాత్రివేళల్లో మదీనా వీధుల్లో ఎవరికీ తెలియకుండా తిరిగేవారు. ఒక రాత్రి ఒక ఇంటి గోడకు ఆనుకుని అలసట తీర్చుకుంటుండగా లోపలి మాటలు చెవిన పడ్డాయి. పాలలో నీళ్లు కలపమని తల్లి చెబుతోంది. ఖలీఫా నిషేధించారు కదా అని కూతురు వారిస్తోంది. ఉమర్ ఇప్పుడు చూస్తున్నాడా అని తల్లి అన్నది. ఉమర్ చూడకపోయినా ఉమర్ ప్రభువు చూస్తున్నాడని ఆ పిల్ల బదులిచ్చింది. ఆ పిల్లనే ఉమర్ (రజి) తన కుమారుడు ఆసిమ్‌కు ఇచ్చి నికాహ్ చేయించారు. న్యాయానికి మారుపేరైన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ ఆమె మనుమడే.

ఆకలితో ఏడుస్తున్న పిల్లల ఇంటికి పిండి మూటను తన వీపు మీద మోసుకుని వెళ్లినదీ ఆ ఉమరే, ఆ చీకటిలోనే. "చూడు, ఆయనా కనబడకుండానే తిరిగారు" అన్నాను. కనబడకుండా ఉండడం ఇస్లాంలో నేరం కాదు, అదొక ఉన్నతి. కుడి చేయి ఇచ్చింది ఎడమ చేతికి తెలియనంత గుప్తంగా దానం చేసేవాడు ప్రళయదినాన అల్లాహ్ నీడ పొందే ఏడుగురిలో ఒకడు. మంచిని దాచి చేయమన్నారు, చెడును దాచి చేయమనలేదు. ఆట ఆ రెండవ దానిని నేర్పుతోంది. మొదటిదానిని నేర్పవలసిన వాళ్లం మనం.

మర్నాడు ఉదయం పిల్లలను వెంటబెట్టుకుని నేలపట్టు వెళ్లాను. ఊరికి దగ్గరే ఉన్నా వాడు వెళ్లి రెండేళ్లయిందట. చెరువు నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉన్నాయి. పక్కన ఎర్రకాళ్ల కొంగలు. మేనల్లుడు చెల్లెలి చేయి పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ, "గట్టిగా మాట్లాడకు, లేచిపోతాయి" అని గుసగుసగా చెప్పాడు. చాలాసేపు ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. ఓపిక, నిశ్శబ్దం, చూపు. ఆటలో వాడికి అబ్బిన మెళకువలన్నీ అక్కడ అక్కరకు వచ్చాయి. ఏ ప్రాణికీ హాని జరగలేదు.

చివరకు ఏం నిర్ణయించారని మీరు అడగవచ్చు. డబ్బాను వాడే తల్లి చేతికిచ్చి, 18 అన్న అంకెకు అర్థం చెప్పాడు. అక్కయ్య కోప్పడింది, తరువాత కంటతడి పెట్టుకుంది. ఆ ఆటను పద్దెనిమిది నిండే వరకు పక్కన పెట్టాలని వాడే ఒప్పుకున్నాడు. యంత్రం గది నుండి హాలులోకి వచ్చింది. నేను తిరిగి వచ్చే ముందు వాడు తల్లిని తెర ముందు కూర్చోబెట్టి, అందులోని బాగ్దాద్ చరిత్ర పుటలను మాత్రం ఒక్కొక్కటిగా తెరిచి తెలుగులో వివరించాడు. కాగితం ఎలా చేసేవారో వినగానే అక్కయ్య, "మన తాతలు ఇంత చేశారా!" అని ఆశ్చర్యపోయింది.

తల్లులకు, తండ్రులకు నా మనవి ఇంతే. మీ బిడ్డ ఆడే ఆటను ఒకసారి పక్కన కూర్చుని చూడండి. డబ్బా మీది అంకెను అడగండి. నమాజు వేళకు హెడ్‌ఫోన్లు చెవుల మీద ఉండకూడదని ఇంటి నియమం చేయండి. అందులో మంచి ఉంటే మెచ్చుకోండి, అప్పుడే చెడు గురించి మీరు చెప్పే మాటకు విలువ ఉంటుంది. అన్నిటికంటే ముందు, బాగ్దాద్ గురించి, ఖుర్తుబా గురించి, పాలలో నీళ్లు కలపని ఆ పిల్ల గురించి వాళ్లకు మీ నోటితో చెప్పండి. ఎవరూ చూడని చోట కూడా నిటారుగా నిలబడే మనుషులుగా అల్లాహ్ మన బిడ్డలను తీర్చిదిద్దుగాక. ఆమీన్.